రోజుకు ఒక మిల్లీమీటరు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు గారి జవాబులు

(జవాబులు ఇస్తున్నవారు సైనిక వైద్య విభాగంలో ఎముకల శస్త్రచికిత్స నిపుణులుగా పనిచేసి, విరమణ తర్వాత సికింద్రాబాద్‌లో స్థిరపడినవారు. ఈ నెల నాలుగు ఉత్తరాలు తీసుకున్నాము. మొదటిదానికి ఎక్కువ చోటు ఇవ్వక తప్పలేదు.)

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మావారు సైన్యంలో హవల్దారు. నిరుడు మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజులలో, పూంఛ్ వైపు పడిన ఫిరంగి గుండు తునకలు ఆయన ఎడమ కాలిని ఛిద్రం చేశాయి. మోకాలి కింది ఎముక ఆరు సెంటీమీటర్ల మేర పోయిందని, తొడలోకి దిగిన మరో తునక నరాన్ని దెబ్బతీసిందని చెప్పారు. చీము పట్టడంతో ఐదుసార్లు ఆపరేషన్ చేసి, సెప్టెంబరులో కాలి చుట్టూ లోహపు రింగులు పెట్టి, ఎముకలోకి తీగలతో బిగించారు. రెండు నెలలపాటు రోజుకు నాలుగుసార్లు పానాతో నట్లు తిప్పింది నేనే. రింగులు వేసి తొమ్మిది నెలలైనా ఇంకా తీయలేదు, పాదం పైకి లేవడం లేదు. బంధువులలో కొందరు పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు. మరికొందరు, ఆ రోజే కాలు తీసేసి ఉంటే ఈపాటికి పెట్టుడు కాలితో నడిచేవాడని ఆయన వింటూ ఉండగానే అంటున్నారు. చీము పడుతుందని అత్తయ్య గారు పప్పు పెట్టనివ్వరు. ఆయన రాత్రుళ్లు నిద్రపోరు. కుక్కరు విజిల్ వేస్తే ఉలిక్కిపడతారు. మొన్న బాబు బెలూను పేల్చాడని చెయ్యి చేసుకుని, తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి తానే ఏడ్చారు. ఇంత ఆలస్యం మామూలేనా? ఆయన మునుపటి మనిషి అవుతారా? (ఒక సోదరి, అల్వాల్)

జవాబు: అమ్మా, మీరు పానా పట్టుకుని తిప్పిన ఆ నట్టు దగ్గరనుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో సగానికి జవాబు అందులోనే ఉంది. మిగిలిన మంచి ఎముకను ఒక చోట కోసి, ఆ ముక్కను ఖాళీ వైపు కొద్దికొద్దిగా జరుపుతారు, దాని వెనుక కొత్త ఎముక పోసుకుంటుంది. రింగులను కలిపే కడ్డీ మర ఎలా చెక్కి ఉంటుందంటే, నట్టును పూర్తిగా ఒక చుట్టు తిప్పితే ఆ ముక్క ఒక మిల్లీమీటరు జరుగుతుంది. మీచేత ఒక్కొక్కసారి పావు చుట్టు మాత్రమే తిప్పించారు, రోజుకు నాలుగుసార్లు. అంటే తెల్లవారుజామున లేచి, మధ్యాహ్నం వంట ఆపి, సాయంత్రం, మళ్లీ అర్ధరాత్రి అలారం పెట్టుకుని మీరు తిప్పినదంతా కలిపితే రోజుకు ఒక్క మిల్లీమీటరు. ఆరు సెంటీమీటర్లు నిండడానికి అరవై రోజులు పట్టింది. అంతకంటె వేగంగా లాగితే కొత్త ఎముక పోసుకోదు, మరీ నెమ్మదిగా లాగితే దారి పూర్తి కాకముందే అతుక్కుని ఆగిపోతుంది.

ఈ లెక్కను కనిపెట్టినవారు గవ్రీల్ ఇలిజారోవ్ అనే సోవియట్ వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత, సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో, ఏళ్ల తరబడి ఎముకలు అతకక బాధపడుతున్న మాజీ సైనికులు ఆయన దగ్గరికి వచ్చేవారు. మొదట్లో ఆయన విరిగిన కొనలను రింగులతో దగ్గరకు నొక్కి అతికించాలని చూసేవారట. ఒక రోగి నట్లను తిప్పవలసిన వైపు కాక ఎదురు వైపు తిప్పేయడంతో ఎముకల నడుమ ఖాళీ పెరిగిందని, ఆ ఖాళీలో కొత్త ఎముక పుట్టడం చూసి ఆయన ఆశ్చర్యపోయారని వైద్య విద్యార్థులకు చెబుతూ ఉంటారు. పొరపాటున తిరిగిన ఆ నట్టు ఇవాళ మీ ఇంటిదాకా వచ్చింది.

మరి అరవై రోజులలో ఎముక నిండితే తొమ్మిది నెలలైనా రింగులు ఎందుకు తీయలేదన్నది మీ అసలు బాధ. నిండినది ఇంకా ఎముక కాదు. మొదటి నెలలలో ఎక్స్‌రేలో ఆ చోట పలుచని పొగమంచులాంటి మరక, అందులో సన్నని నిలువు పోగులు మాత్రమే కనిపిస్తాయి. ఆ పోగులు చిక్కబడి, చుట్టూ గట్టి గోడ కట్టుకోవాలి. ఈ పద్ధతిలో పోయిన ఎముక సెంటీమీటరుకు నెలన్నర నుంచి రెండు నెలల దాకా రింగులు ఉంచవలసి వస్తుంది కనుక, ఆరు సెంటీమీటర్లకు తొమ్మిది నెలల నుంచి ఏడాది పట్టడం ఆలస్యం కింద లెక్క కాదు. ముందునుంచి, పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలలో కనిపించే నాలుగు గోడలలో కనీసం మూడు పూర్తిగా కట్టుకున్నట్టు కనిపిస్తేనే మేము రింగులు తీసే మాట ఎత్తుతాము. జరిగి వచ్చిన ముక్క కింది ఎముకను తాకిన చోట కొన్నిసార్లు అతుకు పడదు. అప్పుడు తుంటి ఎముకనుంచి కొంత తీసి అక్కడ పెట్టే చిన్న ఆపరేషన్ చేస్తారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ చోటు సంగతి ప్రత్యేకంగా అడగండి.

ఈలోగా ఆ కాలిని మంచం మీద దాచిపెట్టకండి. డాక్టర్లు మోపమన్నంత బరువు మోపి, చేతికర్రల సాయంతో నడిస్తేనే కొత్త ఎముక గట్టిపడుతుంది. తీగలు చర్మంలోకి దిగే ప్రతి చోటా ఉప్పునీటి ద్రావణంతో, మీ ఆసుపత్రిలో నేర్పినట్టే, శుభ్రం చేయండి. ఒక తీగ చుట్టూ ఎర్రబడి, నొప్పి ఎక్కువై, చీము కనబడితే మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే చూపించండి. పైజామా ఎడమ కాలు పక్క కుట్టు విప్పించి వెల్క్రో పట్టీ వేయించండి. లుంగీ అంచులు తీగలకు తగులుకుని అర్ధరాత్రి మనిషి కేక వేయడం వార్డులో నేను చాలాసార్లు చూశాను.

పుత్తూరు కట్టు గురించి. చర్మం చెదరకుండా లోపల ఎముక మాత్రమే విరిగినవారు తరతరాలుగా అక్కడికి వెళ్తున్నారు, ఆ సంప్రదాయాన్ని నేను ఎగతాళి చేయను. కాని కట్టు చేయగలిగినది, ఉన్న ఎముకను కదలకుండా ఉంచడమే. మీవారికి పోయిన ఎముకను పుట్టించాలి, ఒకసారి చీము పట్టిన కాలిని కాపాడాలి. రింగుల మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వకండి.

పప్పు విషయంలో అత్తయ్య గారిని నొప్పించకుండా గెలవవలసిన బాధ్యత మీది. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, గుడ్డులో, పెరుగులో, చేపలో ఉన్నాయి. హైదరాబాదులో ఎముక విరిగిన ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు పాయా పట్టుకొస్తారు, తాగనివ్వండి, నష్టం లేదు. కాని పాయా తాగించి పప్పు మాన్పించడం మాత్రం లెక్క తప్పడమే. నిజంగా మాన్పించవలసినది పొగ. మీరు రాయలేదు కాని, ఆయనకు సిగరెట్టు అలవాటు ఉంటే అది ఎముక అతుకును వెనక్కి నెడుతుంది. క్యాంటీను రమ్ము కూడా నిద్ర మందుగా ఇంట్లోకి వచ్చిందేమో చూసుకోండి.

పాదం లేవకపోవడం వేరే కథ. అది నరానికి సంబంధించినది, విచిత్రంగా అక్కడ కూడా వేగం దాదాపు రోజుకు ఒక మిల్లీమీటరే. నరం దెబ్బతిన్న చోటికి కింది భాగమంతా ఎండిపోతుంది, పైనుంచి కొత్త పోగులు తిరిగి పెరుగుతూ కిందికి దిగాలి. తొడ మధ్యనుంచి కాలి ముందు కండరాల దాకా అడుగుకు పైగా దూరం, అంటే పది నెలలు దాటుతుంది, మొదట్లో కొన్ని వారాలు ఆ పెరుగుదలే ఉండదు. అందువల్ల పదమూడో నెలలో ఆశ వదులుకోవలసిన పని లేదు. కాని చూస్తూ కూర్చోవలసిన కాలం కూడా కాదు. డాక్టరు తొడ వెనుక, పిక్క పక్క నరం దారి వెంట వేలితో తడితే ఎక్కడ జివ్వుమంటోందో గుర్తు పెట్టుకోండి, ఆ చోటు నెలనెలా కిందికి జారుతూ ఉంటే నరం నడుస్తున్నట్టు. కండరానికి నరం సంకేతాలు అందుతున్నాయో లేదో చూసే ఈఎంజీ పరీక్ష చేయించారా అని అడగండి. ఏడాదిన్నర, రెండేళ్లు నరం అందని కండరం మళ్లీ పనిచేయడం కష్టం. ఆ గడువు దగ్గర పడుతున్నా కదలిక రాకపోతే, పనిచేస్తున్న మరో కండరం స్నాయువును పాదం పైకి మళ్లించే శస్త్రచికిత్స ఉంది. అంతవరకు పాదాన్ని లంబంగా నిలిపే స్ప్లింటు రాత్రి కూడా ఉండాలి, లేకపోతే మడమ వెనుక స్నాయువు బిగుసుకుపోయి, తర్వాత నరం వచ్చినా పాదం లేవదు. ఇంట్లో మీరు గమనించగల గుర్తు ఒకటి చెబుతాను. ఇప్పుడు ఆ కాలి చెప్పు ఆయనకు తెలియకుండానే జారిపోతూ ఉండాలి. ఏదో ఒక రోజు ఆయన వెనక్కి తిరిగి చెప్పు కోసం చూస్తారు. జారిందని పాదానికి తెలిసిందన్నమాట.

కాలు తీసేసి ఉంటే బాగుండేదన్న బంధువుల మాట పూర్తిగా అజ్ఞానం అనలేను. ఇంత తీవ్రమైన కాలి గాయాలు తగిలిన 569 మందిని అమెరికాలో రెండేళ్లపాటు గమనించి చూస్తే, కాలు నిలుపుకున్నవారికి, తీసివేయించుకున్నవారికి రోజువారీ జీవితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా కాలు నిలుపుకున్నవారే ఎక్కువసార్లు మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. అయితే తీసేయడం సులభమైన దారి అనుకోవడం వారి పొరపాటు. మిగిలిన మొండి భాగం నెలల తరబడి సన్నబడుతూ ఉంటుంది, దానికి తగ్గట్టు పెట్టుడు కాలి గిన్నెను మళ్లీ మళ్లీ మార్చాలి, లేని పాదం మండుతున్నట్టు రాత్రుళ్లు నొప్పి వస్తుంది. రెండూ పొడవైన దారులే. ఒక దారిలో ఇంత దూరం నడిచిన మనిషి ముందు రెండో దారిని పొగడటం క్రూరత్వం. ఆ మాట అనేవారిని మీరు వంటింట్లోకి పిలిచి, నేను చెప్పానని చెప్పి ఆపండి.

ఇక నిద్ర. నెల దాటినా తగ్గని ఉలికిపాటు, అదే కల మళ్లీ రావడం, బయటికి వెళ్లకపోవడం, ఉన్నట్టుండి కోపం, ఆ తర్వాత సిగ్గు, ఇవన్నీ కలిస్తే దానికి వైద్యశాస్త్రంలో పేరుంది, పీటీఎస్‌డీ. ఇది ధైర్యం చాలకపోవడం కాదు. ప్రాణం కాపాడడానికి నేర్చుకున్న అప్రమత్తతను శరీరం ఇంటికి వచ్చాక కూడా దించుకోలేకపోతోంది. దీనికి చికిత్స ఉంది: జరిగినదాన్ని నిపుణుల సమక్షంలో కొద్దికొద్దిగా తలచుకుని దాని పట్టు సడలించే మాటల చికిత్స, అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు. మన ఊళ్లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరునే తిట్టుగా మార్చుకున్నాము, అందుకే మనోవైద్యుడు అనగానే ఇల్లంతా బిగుసుకుపోతుంది. ఆయనకు చికిత్స జరుగుతున్న సైనిక ఆసుపత్రిలోనే మనోవైద్య నిపుణుని అపాయింట్‌మెంటు అడగండి, కాలికి వెళ్లిన రోజే దానికీ వెళ్లి రావచ్చు. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతే బాగుండునన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలస్యం చేయకండి. బాబుకు మాత్రం నిజం చెప్పండి. నాన్నకు పెద్ద చప్పుడు విన్నప్పుడు దెబ్బ తగిలిన రోజు గుర్తొస్తుందని, తప్పు బెలూనుది కాదని, వాడిది అంతకంటె కాదని చెప్పండి. ఐదేళ్ల పిల్లవాడికైనా ఇది అర్థమవుతుంది.

మునుపటి మనిషి అవుతారా అని అడిగారు. పరుగెత్తే కాలు రాకపోవచ్చు, వాతావరణం మారినప్పుడు నొప్పి జీవితమంతా ఉండవచ్చు. నడిచే కాలు, నిద్రపోయే రాత్రి, బాబును ఎత్తుకునే ఓపిక వచ్చే అవకాశాలు బాగానే ఉన్నాయి. మరొక సంగతి. మీ ఉత్తరంలో ఆయన నిద్ర గురించి ఉంది, మీ నిద్ర గురించి ఒక్క మాట లేదు. వారానికి ఒక రాత్రి మీ తమ్ముడో, మరిదో ఆయన దగ్గర పడుకునే ఏర్పాటు చేసుకోండి. దీన్ని కూడా మందు చీటీలో భాగంగానే రాస్తున్నాను.

ప్రశ్న: యుద్ధంలో తీవ్రంగా గాయపడి మళ్లీ నిలబడిన మన సైనికుల గురించి కళాశాలలో ప్రసంగించాలి. ఎవరి గురించి చెప్పమంటారు? (డిగ్రీ విద్యార్థి, ఉప్పల్)

జవాబు: బాబూ, పేర్లు చాలా ఉన్నాయి. 1971 యుద్ధంలో సిల్హెట్ దగ్గర మందుపాతర మీద అడుగుపడి నుజ్జైన కాలిని తన ఖుక్రీతోనే కోసుకున్న గూర్ఖా రెజిమెంటు అధికారి ఇయాన్ కార్డోజో తర్వాత పెట్టుడు కాలితోనే పదాతి బెటాలియన్‌కు, ఆపై బ్రిగేడుకు నాయకత్వం వహించి మేజర్ జనరల్ అయ్యారు. ఆయనకు శస్త్రచికిత్స చేసినది యుద్ధఖైదీగా ఉన్న పాకిస్తాన్ సైనిక వైద్యుడు, ఆ సంగతి మరిచిపోకుండా చెప్పు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింది భాగం చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్ సైన్యపు యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగం జవాను, ఆ విభాగపు శిక్షణ కేంద్రం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆయన 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో పారాలింపిక్ స్వర్ణం గెలిచారు, అది మన దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం. పద్మశ్రీ 2018లో వచ్చింది. కార్గిల్ సమయంలో 1999 జూలైలో గాయపడి, చనిపోయాడని మొదట ప్రకటించబడి, కుడి కాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి. సింగ్ తర్వాత హాఫ్ మారథాన్ పరుగులలో పాల్గొన్నారు.

నీ ప్రసంగంలో ఒక్క జాగ్రత్త తీసుకో. పేట్కర్‌కు తూటా తగిలిన ఏడాదికీ పతకం వచ్చిన ఏడాదికీ మధ్య ఏడేళ్లున్నాయి. డి.పి. సింగ్ తొలి హాఫ్ మారథాన్ పరుగెత్తినది 2009లో, గాయపడిన పదేళ్లకు. పత్రికలు ఒక వాక్యంలో దాటేసే ఆ ఏళ్లే నిజానికి కోలుకోవడం. 1999లో శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్‌లో నేను చూసిన ఒక తెలుగు జవాను నాలుగు నెలలపాటు ప్రతి వారం తల్లికి పోస్టుకార్డు రాశాడు. అన్నింటిలోనూ ఒకే వాక్యం, "కాలికి చిన్న దెబ్బ, బాగున్నాను". మోకాలి కింద కాలు లేదని రాయడానికి చెయ్యి రాలేదు. పుణేలోని కృత్రిమ అవయవ కేంద్రానికి, 1944 నుంచి నడుస్తున్నది అది, వెళ్లి కాలు బిగించుకుని నాలుగు అడుగులు వేశాక రాసిన కార్డులో మాత్రం నిజం రాశాడు. వాడికి పతకమేమీ రాలేదు. వీలైతే అలాంటివాడి గురించి కూడా రెండు నిమిషాలు మాట్లాడు.

వెన్నెముక గాయాల గురించి చెప్పదలిస్తే లుడ్విగ్ గట్‌మన్ పేరు వదలకు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో 1944 నుంచి ఆయన నడుము చచ్చుబడిన సైనికులను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పించి, పుండ్లు పడకుండా కాపాడి, 1948 జూలై 29న పదహారు మందితో చక్రాల కుర్చీలలో విలువిద్య పోటీ పెట్టారు. పారాలింపిక్స్‌కు మూలం అదే. అంతకుముందు ఆ గాయం తగిలినవారు ఎక్కువ కాలం బతకరని వైద్యులే వదిలేసేవారు.

ప్రశ్న: మా అబ్బాయి సరిహద్దులో గాయపడ్డాడు. మెడికల్ బోర్డు జరగబోతోంది. పెన్షన్ విషయంలో ఏవి చూసుకోవాలి? (ఒక తండ్రి, మల్కాజిగిరి)

జవాబు: అయ్యా, ఒక్క మాట మీద దృష్టి పెట్టండి. గాయం ఏ పరిస్థితిలో తగిలిందో దాన్నిబట్టి 'ఏ' (A) నుంచి 'ఈ' (E) వరకు వర్గాలున్నాయి. శత్రువు కాల్పులలో, యుద్ధ చర్యలో తగిలిన గాయం 'ఈ' (E) వర్గంలోకి వస్తుంది, దానికి మామూలు వైకల్య పెన్షన్ కంటె మెరుగైన యుద్ధ గాయ పెన్షన్ వర్తిస్తుంది. కనుక బ్యాటిల్ క్యాజువాల్టీగా, అంటే యుద్ధ చర్యలో గాయపడినవాడిగా, యూనిట్ ప్రకటించిన ఉత్తర్వు, గాయం నివేదిక, ప్రతి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం రెండేసి నకళ్లు తీసి ఇంట్లో పెట్టుకోండి. బోర్డు ముందు మీవాడు మర్యాద కొద్దీ బాగానే ఉన్నానని అనకూడదు. చెవిలో హోరు, నిద్రలేమి, తునక మిగిలిపోయిన చోట నొప్పి, అన్నీ చెప్పి రాయించుకోవాలి, ఆ రోజు రాయనిది తర్వాత రాయించడం కష్టం. పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో వస్తుంది, అందులో పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా సరిపోయాయో చూసుకోండి. దరఖాస్తు నింపడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో గాయపడిన జవాను ఒకరు ఉన్నారు. వినాయక చవితికి, దీపావళికి ఏం చేయాలో మా కమిటీకి తోచడం లేదు. పండుగ మానేయాలా? (సంఘం కార్యదర్శి, సైనిక్‌పురి)

జవాబు: మానేయకండి, తన వల్ల పండుగ ఆగిందని తెలిస్తే ఆయన తలుపు వేసుకుని కూర్చుంటారు. అనుకోకుండా వచ్చే చప్పుడే దెబ్బతీస్తుంది, ముందే తెలిసిన చప్పుడును చాలామంది తట్టుకోగలరు. కనుక డప్పులు ఏ గంటకు మొదలవుతాయో, బాణసంచా ఏ గంటనుంచి ఏ గంటవరకు కాలుస్తారో, ముందు రోజే ఎవరైనా ఒకరు వెళ్లి ఆయనకే చెప్పండి, భార్యకు కాదు. ఆ వేళలు దాటి ఒక్క లక్ష్మీ బాంబు కూడా పేలకుండా పిల్లల తల్లిదండ్రులను ఒప్పించండి. చందా పుస్తకం తీసుకుని అందరి ఇంటికీ వెళ్లినట్టే ఆయన ఇంటికీ వెళ్లండి. లిఫ్టు పనిచేస్తోందో లేదో చూసుకోండి, గాయపడిన కాలితో అన్ని మెట్లు దిగడం చాలా కష్టం.